శ్యామ్‌సుందర్‌గారి డచ్చి నాణెం

శ్యామ్‌సుందర్‌గారితో ఏ మాట మొదలుపెట్టినా చివరికి డచ్చివాళ్ల వెండి నాణెం దగ్గరే తేలుతుంది. మేముండే పిస్కాటవే ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఇది అనుభవమే. మంచు విపరీతంగా పడుతోందని ఎవరో అంటే, "ఈమాత్రానికేనా! ఇది వందల ఏళ్లు సముద్రంలో నానింది" అంటూ జేబులోంచి తీశారు.

ఆయన బందరులో హిస్టరీ లెక్చరర్‌గా రిటైరై, ఇక్కడ కూతురి దగ్గర స్థిరపడ్డారు. మునిగిన ఓడలో దొరికిన ఆ నాణేన్ని వేలంలో కొన్నారట. ఒకవైపు కత్తి దూసిన గుర్రపు రౌతు, రెండోవైపు సింహాలు.

"తూర్పు దేశాల్లో వ్యాపారానికని ముద్రించారోయ్. మనలాగే ఎగుమతి సరుకు!"

ఆమధ్య నా ఉద్యోగం ఊడింది. వీసా గడువులోగా ఇంకొకటి దొరక్కపోతే దేశం వదలాలి. దుప్పటి ముసుగులోంచి బయటికి రావడం మానేశాను. అద్దంలో మొహం చూసుకోవాలన్నా భయమేసేది. అలాంటి ఒక పొద్దున ఆయన బెల్ కొట్టారు. తలుపు తీసేదాకా వేలు తీయలేదు.

"గుర్రం ఏ కాలు ఎత్తిందో చెప్పు చూద్దాం."

"ఇంకా మొహం కడగలేదు అంకుల్."

"కడుక్కురా. గుర్రం ఎక్కడికీ పోదు."

ఆనాటి నుంచి రోజూ ఇదే వరస. టీ, నాణెం, మళ్లీ టీ. కంపెనీల నుంచి మాత్రం 'సారీ' మెయిల్సే. ఒకరోజు అరిచేశాను.

"ఇక్కడ నా బతుకే మునిగిపోతుంటే మీ ఓడ గోలేంటి!"

ఆయన నాణెం జేబులో వేసుకున్నారు. "టీలో పంచదార తగ్గింది" అని వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ బెల్.

"నిన్న సింహాల సంగతి చెప్పనేలేదు!"

నా ఫ్రెండ్ స్మృతికి ఫోన్ చేసి మొత్తుకున్నాను. పోయినేడు ఆమె భర్త దేవ్‌దీ ఇదే పరిస్థితి.

"ఇప్పుడు నీ దగ్గరికొస్తున్నారా! దేవ్‌కి జాబ్ వచ్చాక మా ఇంటికి రావడం మానేశారు. అప్పట్లో దేవ్ మంచం దిగిందే ఆయన బెల్ కొడితే" అంది.

ఉద్యోగం పోయినవాళ్ల ఇళ్లకే ఎందుకెళ్తారని మర్నాడు సూటిగా అడిగాను. ఆయన తడబడ్డారు.

"ఉద్యోగాలున్నవాళ్లకి వినే తీరికెక్కడిదోయ్!"

ఉద్యోగం దొరకలేదు. గడువు తీరింది. ఎయిర్‌పోర్ట్‌కి క్యాబ్ ఎక్కబోతుంటే చిన్న సంచితో ఆయన కూడా ఎక్కి కూర్చున్నారు. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నన్ను పంపడానికి అంత దూరం ఎందుకు అంకుల్?"

"నిన్ను పంపడమేంటి, నా ఫ్లైట్‌కి టైమవుతోంది! ట్రాయ్ ఊళ్లో మా బావమరిది కూతురు సాన్విని లేఆఫ్ చేశారు." జేబు తడుముకుని నిట్టూర్చారు. "పాపం, ఆ పిల్లకి డచ్చివాళ్ల గురించి ఏమీ తెలీదు!"