నిలబెట్టి పోసిన స్లాబులు

తొంభైల ఆరంభంలో నన్ను ఉప్పల్‌లోని ఒక పరీక్షాశాలకు అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ చేశారు. భార్య ఉద్యోగం రాజమండ్రిలో. నేను చిల్కానగర్‌లో ఒక గది తీసుకున్నాను. నా పని ఫెటీగ్ టెస్ట్. కాంక్రీటు దిమ్మెను ఒక్క దెబ్బకు విరిచేయకుండా, చిన్న బరువునే లక్షలసార్లు మోపుతూ ఎప్పుడు బీటలు వారుతుందో చూడాలి. రోజుల తరబడి యంత్రం దడదడలాడటమే తప్ప పలకరించే మనిషి ఉండడు. ఒంటరితనం నాకు బాగా తెలిసింది అక్కడే.

ఉన్న ఒక్క తోడూ యాదగిరి. నాచారంలో కాలవల మీద పరిచే స్లాబులు పోసే చిన్న కార్ఖానా ఆయనది. ఆదివారం నా భోజనం వాళ్ళింట్లోనే. ఇనుప చువ్వలతో పాటు ఉక్కు పీచు, అంటే సన్నటి తీగముక్కలు, కలిపిన కొత్తరకం స్లాబులు మొదలుపెట్టాడు. పెద్ద ఆర్డరు మా సర్టిఫికెట్ కోసం ఆగి ఉంది.

అందరిలాగే ఆయనా నమూనా దిమ్మెలు విడిగా, అచ్చులో పడుకోబెట్టి పోసి పంపాడు. బ్రహ్మాండంగా నిలిచాయి. తర్వాత ఓ రోజు కార్ఖానాకు వెళ్తే, చోటు చాలక స్లాబుల అచ్చులను గోడవారన పొడవు నిలువుగా ఉండేలా నిలబెట్టి పోస్తున్నారు. నాకు అనుమానం వచ్చింది. తడి కాంక్రీటును కుదించే వైబ్రేటర్ కదుపుతుంటే పీచు పొరలు పొరలుగా నేలకు సమాంతరంగా సర్దుకుంటుంది. పడుకోబెట్టిన దిమ్మెలో పొడవునా పడి, బీటకు అడ్డంగా నిలిచి పట్టుకుంటుంది. నిలబెట్టిన స్లాబులో బీట వెంబడే పడుతుంది, పట్టి ఆపేది ఉండదు.

తయారైన స్లాబే ఒకటి పంపమన్నాను, అందులోంచి దిమ్మె కోయిస్తానని.

"నమూనా పాసైంది గద సారూ, మల్ల కోసుడెందుకు? లారీ ఎక్కిచ్చి సూసిన, ఏం గాలే" అన్నాడు.

ఒక్క లారీకి ఏ స్లాబైనా నిలుస్తుంది. రోజూ తిరిగే లారీలకు నిలవాలి కదా. కోసిన దిమ్మెను పొద్దున యంత్రానికెక్కిస్తే, మధ్యాహ్నం టీ రాకముందే విరిగింది. ఫెయిల్ అని రాసి డివిజన్ హెడ్‌కు ఇచ్చాను. ఆర్డరు ఆగిపోయింది.

యాదగిరి వచ్చాడు. "ఇంట్ల మనిషి లెక్క సూస్కున్న సారూ. జర నాకొక్క మాట ముందుగాల జెప్పొద్దా?"

ఫలితం ముందు బయటపెట్టకూడదన్నది నిబంధన. అదే చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయాడు.

పక్క షెడ్డు అద్దెకు తీసుకుని స్లాబులు పడుకోబెట్టి పోశాడు. పాసయ్యాయి, ఆర్డరూ దక్కింది. సర్టిఫికెట్‌కు మాత్రం తాను రాకుండా మనిషిని పంపాడు. ఆదివారం భోజనానికి కబురు రాలేదు. చాలా బాధేసింది.

సరుకు ఎలా పోస్తే నమూనా అలాగే పోయాలి, లేదా సరుకులోంచే కోయాలి. ఇది నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ పోస్టింగులోనూ సరుకు తయారుచేసేవాళ్ళ ఇంట్లో భోంచేయలేదు. అది సరైన పద్ధతే. కాకపోతే రిటైరయ్యేనాటికి, నేను పనిచేసిన ఏ ఊళ్ళోనూ వెళ్ళి కూర్చోవడానికి నాకో ఇల్లు లేదు.