టర్కీ ఈకల కోసం అమీర్‌పేట

ఆదివారం మా గుంటూరులో విలువిద్య పోటీ. మా ఆవిడ సుజాత వెదురు బాణాల విభాగంలో పేరిచ్చింది. అందులో బాణం తోకకు ప్లాస్టిక్ పనికిరాదు, పక్షి ఈకలే కట్టాలి. ఇంట్లో దాచుకున్న ఈకలను ఎలుకలు కొరికేశాయి. బల్కంపేటలో రాజమ్మ అనే ఆవిడ టర్కీ కోళ్లు పెంచుతోందని తెలిసి, గురువారం తెల్లవారగానే రైలెక్కాం. సికింద్రాబాద్‌లో దిగి, సిటీ బస్సు పట్టుకుని, పదకొండు దాటాక అమీర్‌పేట చేరాం.

దిగీ దిగగానే నా చేతిలో నాలుగు కరపత్రాలు పడ్డాయి. అన్నీ కంప్యూటర్ కోర్సులవే. మీరు వెళితే చేతులు జేబుల్లో పెట్టుకుని నడవండి.

పక్కనే ఉన్న బల్కంపేటకు నడిచి వెళితే, రాజమ్మ రాలిన ఈకల సంచి తెచ్చి మా ముందు పెట్టింది.

"గీ ఈకలు ఏంజేస్తవమ్మా?"

"బాణాలకండీ," అంది సుజాత.

రాజమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "సార్ మీదికేనా?"

సుజాత నవ్వి, నాకు పని అప్పగించింది. "ఒక బాణానికి మూడు ఈకలు. మూడూ ఒకే వైపు రెక్కవి కావాలి. రెండు వైపులవీ కలిపితే బాణం తాగినవాడిలా ఊగుతుంది. మెరిసే వైపు పైకి, కొన అవతలికి పెట్టండి. వెడల్పు భాగం కుడి పక్కనుంటే కుడి రెక్క."

నేను మొదటి ఈక పట్టుకున్నానో లేదో, ఓ టర్కీ పుంజు నా ప్యాంటు పట్టుకుంది. ఏరుకునే ధైర్యం లేక సంచి మొత్తం కొనేసి బయటపడ్డాం.

మధ్యాహ్నం రెండింటికి పంజగుట్టలో ఓ హోటల్లో భోంచేసి, అదే బల్ల మీద ఈకలు రెండు కుప్పలు చేశాం. కుడివి సరిపోలేదు. ఎడమవి బాణాలన్నిటికీ సరిగ్గా సరిపోయాయి. సుజాత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అంతలో సర్వర్ "ఉక్కగున్నది సార్" అంటూ ఫ్యాను వేశాడు.

హోటలంతా ఈకలే. పక్క బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు తన సాంబారులోంచి ఒకటి తీసి మర్యాదగా చూపించాడు.

"ఏ ఇన్‌స్టిట్యూట్ అన్నా? గీ కోర్సు నేనెన్నడు ఇనలే."

"కోర్సు కాదు బాబూ, ముందు ఆ ఫ్యాను ఆపించు," అంది సుజాత.

ఆపించాడు. అతనూ స్నేహితులూ క్లాసు మానేసి బల్లల కింద దూరారు. కుడా ఎడమా అని వాదించుకుంటూ ఏరిపెట్టారు. చివరి ఎడమ ఈక సర్వర్ జుట్టులో దొరికింది.

"దీనికి జాబు సుత ఉంటదా అక్కా?" అడిగాడు సాంబారు కుర్రాడు.

"గెలిస్తే కప్పు ఉంటుంది."

"ప్లేస్‌మెంట్ లేదన్నట్టు," అని సాంబారు ఈక కూడా కడిగి ఇచ్చాడు.

సాయంత్రం రైల్లో సుజాత ఈకలను వార్తాపత్రిక మడతల్లో పెట్టి ఒళ్లో పట్టుకుంది. గాలికి మళ్లీ ఎగరకుండా మా కిటికీ మూసేశాను. ఆ ఊళ్లో ఎవరికీ తీరిక లేదని విని వెళ్లాను. మా ఈకల కోసం నలుగురు నేల మీద పాకడం చూసి వస్తున్నాను.

ఎదుటి సీటు పెద్దాయన చెమట తుడుచుకుంటూ అడిగాడు. "ఏంటమ్మా అందులో, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు?"

"బాణాలకు కట్టే ఈకలండీ. ఆదివారం పోటీ ఉంది."

ఆయన చేతిరుమాలు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి, తన వైపు కిటికీ కూడా దించేశాడు.