అమ్మగారి అసహ్యం

అమ్మగారు పోయారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను స్కాట్లాండ్‌లో, మా చర్చి యూత్ హాల్లో, బల్లల అడుగున కుర్రాళ్లు అంటించిన చూయింగ్ గమ్ గీకుతున్నాను. "పొద్దున్నే పోయేరక్కా. నిద్దట్లోనే. ఆదరణ కూడికకన్నా వస్తావా?" అన్నాడు. పోయినవాళ్లను తలుచుకుని ఇంటివాళ్లను ఓదార్చడానికి సంఘం పెట్టే ఆ కూడికకు వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి మళ్లీ ఆ గమ్మే గీకాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

అమ్మగారంటే మా అమ్మ కాదు. రాజోలు దగ్గర మా ఊరి చర్చి పాస్టరుగారి భార్య. ఆయన్ని అయ్యగారనీ, ఆవిడ్ని అమ్మగారనీ ఊరంతా పిలిచేది. ప్రసంగం అయ్యగారిది. సండేస్కూలు, యూత్, కుట్టు క్లాసు అన్నీ ఆవిడవే. రాజోలు దాటి ఎరగని నన్ను యువతతో పనిచేసే శిక్షణకు పంపిందీ, విదేశంలో పని దొరికితే మా నాన్నను ఒప్పించిందీ ఆవిడే.

ఆవిడ నోట తరచు వినబడే మాట "అసయ్యం". ఆ మాటకు ముందు పై పెదవి ఒక పక్కకు కొంచెం లేచేది. అయితే మనకు అసహ్యం వేసేవి ఆవిడకు వేసేవి కావు. పిల్లల వాంతులు, చీము కారే చెవులు, తాగి పడిపోయినవాళ్ల చొంగ వట్టి చేతులతో తుడిచేసి సబ్బుతో కడుక్కునేవారు. ఎవరైనా పెద్దమనిషి ఎదుట చేతులు నలుపుకుంటూ "మేం ఎందుకూ పనికిరానివాళ్లమండీ" అన్నారో, పెదవి లేచేది. విందుల్లో ఎవరైనా పొడుగు ప్రార్థన మొదలుపెట్టినా అంతే. "అన్నం చల్లారిపోతంది. చెప్పిందే చెబుతున్నాడు దేవుడికి. అసయ్యంగా లేదూ?" అని నా చెవిలో గొణిగేవారు. నేను నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

తుఫానుకు కొబ్బరిచెట్లు తలలు విరిగి పడిపోయిన ఏడాది, సాయం చేస్తామని బయటి దేశం నుంచి కొందరు వచ్చారు. వాళ్లతో వచ్చిన మన దేశంవాడొకడు సండేస్కూలు పిల్లల్ని వరసగా నిలబెట్టి చొక్కాలు విప్పించాడు. ముక్కులు కారుతున్న చంటివాళ్లను ముందుకు లాగాడు. ఒక పిల్ల ముక్కు తుడుచుకోబోతే, "వద్దొద్దు, అలాగే ఉండు" అన్నాడు, ఫొటో కోసం. అమ్మగారు బిందెతో నీళ్లు తెచ్చి, ఆ వరస మొత్తానికి మొహాలు కడిగి, కొంగుతో తుడిచి, తలలు దువ్వి, చొక్కాలు తొడిగారు. కెమెరా ఆయన మొహం చిట్లించుకున్నాడు. మా చర్చి సంఘం పెద్ద పరుగున వచ్చాడు.

"అమ్మగారూ, మీ వల్ల రావాల్సిన సాయం రాకుండా పోద్దండి!"

"ఆయ్, మొహాలు కడిగేనండి, అంతే. మొహం కడుక్కున్నోళ్లకి ఆకలెయ్యదాండీ?"

పరాయి దేశంలో నా మొదటి నెలలంటే ముందు గుర్తొచ్చేవి రోత పుట్టించినవే. స్నానాలగదిలో కూడా తివాచీ పరిచి ఉండేది. అది ఎప్పుడూ తడిగా ఉండి, తడిసిన కుక్క వాసన వేసేది. వీధంతా చేపలు వేయించిన పాత నూనె కంపు. యూత్ హాలుకొచ్చే కుర్రాళ్లు నేలమీద ఉమ్మి, నా మొహంలోకి చూసి నవ్వేవారు. వీటన్నిటికీ అలవాటు పడ్డాను. తుడవడం అమ్మగారి దగ్గర నేర్చుకున్న పనే. నన్ను మనిషిలా చూసినవాళ్లూ ఉన్నారు. చలికి వణుకుతుంటే పక్కింటి పెద్దాయన చనిపోయిన తన భార్య ఉన్నికోటు తెచ్చి ఇచ్చాడు. చర్చి వంటగదిలో పనిచేసే ఆవిడ, కారం లేక నేను తినలేకపోతున్నానని గమనించి, నా గిన్నెలో సూపుకు వేరేగా మిరియాలు దంచి వేసేది.

అలవాటు పడలేనిది ఒక్కటే. ఒక ఆదివారం ఆరాధనలో నన్ను చీర కట్టుకొచ్చి కృతజ్ఞతలు చెప్పమన్నారు. నన్ను అక్కడికి తీసుకెళ్లిన సంస్థలో పనిచేసే ఆవిడ ఏం చెప్పాలో ముందే నూరిపోసింది. ఇంట్లో పస్తులుండేవాళ్లమని, కాళ్లకు చెప్పులు లేవని, వాళ్ల దయే లేకపోతే ఏమైపోయేదాన్నోనని చెప్పాలట. నా వెనక తెరమీద వేసే బొమ్మలు కూడా చూపించింది. పక్కటెముకలు తేలిన పిల్లలు, వాళ్ల కళ్లమీద ఈగలు. వాళ్లలో ఒక్కరూ మా ప్రాంతం వాళ్లు కారు. అది ఏ దేశమో ఆవిడకే తెలియదు. "చూసేవాళ్లకు తేడా తెలియదులే" అని నవ్వింది. నా నోట్లో చేదు నీళ్లు ఊరాయి.

ఆ ఆదివారానికి ముందురోజు అమ్మగారికి ఫోన్ చేశాను. మా ఊరి చర్చి పక్క కిరాణా కొట్టుకు చేస్తే వాళ్లు పిలుచుకొచ్చేవారు. అంతా విని అడిగారు.

"వాళ్లు నీకు చేసిందేమన్నా ఉందా?"

"ఉందండీ. పక్కింటాయన కోటిచ్చేరు. వంటావిడ సూపులో మిరియాలేస్తారు."

"మరింకేం? అదే చెప్పి దణ్ణం పెట్టు. పస్తులున్నావని చెబితే, కొబ్బరి దింపుకెళ్లి మూడుపూటలా పెట్టిన మీ నాన్నేమైపోవాలమ్మా?"

"కోప్పడతారేమోనండీ."

"పడనీ. కోపం రేపటికి తగ్గుద్ది. నీమీద నీకే అసయ్యం వేస్తే అది తగ్గదు."

మర్నాడు బొమ్మలు వెయ్యొద్దన్నాను. మా నాన్న ఎక్కే కొబ్బరిచెట్ల గురించి చెప్పాను. కోటిచ్చిన పెద్దాయనకూ, మిరియాల ఆవిడకూ అందరి ఎదుటా దణ్ణం పెట్టాను. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. సంస్థ ఆవిడ ఆ రోజు నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడింది. కానీ ఉమ్మే కుర్రాళ్లలో ఒకడు బయట నన్ను ఆపి, "మీ నాన్న నిజంగా తాడు లేకుండా ఎక్కుతాడా?" అని అడిగాడు. ఆ హాల్లో నా పని నిజంగా మొదలైంది అప్పుడే. నాకు పని నేర్పినవాళ్లు చాలామంది. దేన్ని అసహ్యించుకోవాలో నేర్పింది అమ్మగారొక్కరే.

అయ్యగారు పోయిన సంగతి నాకు తెలుసు. కొత్త పాస్టరు వస్తున్నారని, దుఃఖం తీరకముందే సంఘం పెద్దలు ఆవిడను చర్చి ఇల్లు ఖాళీ చెయ్యమన్న సంగతి తమ్ముడు చెప్పేదాకా తెలియదు. "ముక్తేశ్వరం వచ్చేనమ్మా. కాలవగట్టు. గాలి బాగా వస్తంది" అని మాత్రం ఫోన్లో చెప్పారు. చుట్టాలింటికేమో అనుకున్నాను. అక్కడ ఒక రైతు కుటుంబం వసారా గది ఇచ్చిందని, ఆ ఇంటావిడ పుట్టిల్లు మా ఊరేనని, చిన్నప్పుడు అమ్మగారి దగ్గర కుట్టు నేర్చుకుందని, నేను ఊరొచ్చాక, ఆదరణ కూడికకు వెళ్లే దారిలో తమ్ముడు చెప్పాడు.

చర్చి ముందు పెద్ద ఫ్లెక్సీ. అమ్మగారి బొమ్మకన్నా పెద్దల బొమ్మలే పెద్దవి. ఖాళీ చెయ్యమన్న పెద్దే మైకు పట్టుకుని "మా కన్నతల్లి" అని ఏడ్చాడు. ఏడుస్తూనే వీడియో తీసేవాడి వైపు తిరిగాడు. పందిరంతా బిర్యానీ వాసన. నన్ను మాట్లాడమని పిలిచి ఆ పెద్ద నా పక్కకొచ్చాడు.

"ఫారిన్ నుంచి వచ్చేరు, నాలుగు మంచి మాటలు చెప్పండమ్మా. ఇంటి సంగతులవీ ఎత్తకండేం."

"ఆయ్" అన్నాను.

ఇంటి సంగతి ఎత్తలేదు. అమ్మగారు నాకు చేసినవి చెప్పాను. చివర, చెప్పుల దగ్గర ఒదిగి నిలబడ్డ, వస్తూనే తమ్ముడు నాకు చూపించిన ముక్తేశ్వరం రైతు భార్యను చూపించాను. "అమ్మగారికి ఉండడానికి గదిచ్చి, జ్వరమొస్తే జావ కాచి పోసింది ఆవిడండీ. గుడికెళ్లే మనిషి, మన సంఘం కాదు. ఆవిడకి మనందరి తరఫునా దణ్ణం పెడుతున్నానండీ."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆ గది ఎందుకు అవసరమైందో అక్కడ తెలియనివాళ్లు లేరు. సంఘం పెద్ద ఫ్లెక్సీ తాడు బిగించే మిషతో పక్కకు పోయాడు. ఆవిడ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భోజనానికి ఆగలేదు. ఆవిడతోనే ముక్తేశ్వరం వెళ్లాను. వసారాలో, కాలువకు ఎదురుగా, అమ్మగారు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాంట్లో ఒక ఎర్ర కోడిపెట్ట ముడుచుకుని కూర్చుంది.

"అమ్మగారు విసనకర్రతో తోలేవారండి రోజూ. ఇప్పుడు తోలేవారు లేక అందులోనే గుడ్లెట్టేసింది" అందావిడ.

తోలదామని నేను చెయ్యెత్తాను. కోడి బెదరలేదు. కంటిమీదికి తెల్లని పొర ఒకసారి దించి, ఎత్తి, మళ్లీ కాలువ వైపే చూస్తూ కూర్చుంది.