గుండ్లకమ్మ ఒడ్డున కుంచె అవతలి కొస

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు భయం లేదు, చిరాకు. నాటకాలు ఆడించేదాన్ని. ఏ చప్పుడు ఎక్కడ పుట్టిస్తారో, ఏ నీడ ఎలా వేయిస్తారో నాకు తెలుసు. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి అదే కారణం.

రెండు వేల మూడు ప్రాంతంలో నేను అద్దంకిలో ఒక కాలేజీలో పనిచేసేదాన్ని. ఊరి పక్కనే గుండ్లకమ్మ ఏరు. ఆ ఇసుకలో తెల్లవారుజామున ఒక ప్రదర్శన పెట్టాలనుకున్నాను. వేదిక ఉండదు, మాటలుండవు. ఒడ్డు వెంట మగ్గానికెక్కించే నిలువు పోగుల పడుగు ఒకటి, ఒక మనిషి, అంతే.

మాది చీరాలలో నేతపని చేసే కుటుంబం. మా వీధిలో పొద్దున్నే పడుగు పోగులు బారుగా చాచి, గంజి పట్టించి, పొడుగాటి కుంచెతో దువ్వుతారు. పడుగుకి ఇటొకరు, అటొకరు కుంచె చెరో కొస పట్టుకుని నడవాలి. నా ప్రదర్శనలో మాత్రం నాన్న ఒక్కడే నడవాలి. అవతల ఎవరూ ఉండకూడదు.

"ఒక్కడి వల్ల కాదమ్మాయ్. అవతలి కొస వాలిపోద్ది, పోగులు తెగుతాయి," అన్నాడు నాన్న.

"తెగాలనే నాన్నా. అదే జనం చూడాలి," అన్నాను.

ఆ అవతలి కొస మా బాబాయిది. అన్నదమ్ములిద్దరూ పదిహేనేళ్ళు కలిసి నడిచారు. తర్వాత ఇంటి వాటా దగ్గర మాటా మాటా పెరిగింది. ఒక పొద్దున బాబాయి అలవాటుగా వచ్చి కుంచె అందుకోబోతే, "నా పడుగు మీద నీ చెయ్యి పడిందంటే ఊరుకోను, పోరా!" అన్నాడు నాన్న. వీధంతా విన్నది. ఆ వారంలోనే బాబాయి జ్వరమొచ్చి పోయాడు. ఆ తర్వాత నాన్న కుంచె ముట్టలేదు.

అంతా తెలిసే అడిగాను. నా మాట కాదనలేక ఒప్పుకున్నాడు. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం.

ముందురోజు పడుగుని నేనే పోగు పోగూ చూసి చుట్టాను. ఎక్కడా ముడి లేదు. ప్రదర్శన రోజు కాలేజీ పిల్లలు, మిరపకోతకి వెళ్తూ ఆగిన కూలీలు, పెళ్ళి వీడియోలు తీసే ఒకాయన ఉన్నారు. అందరూ నాన్న వైపే నిలబడ్డారు. అవతలి వైపు ఖాళీ ఇసుక, దాని వెనక ఏరు.

నాన్న కుంచె ఎత్తాడు. నాలుగడుగులు అది వంకరగా నడిచింది. టప్పుమని పోగులు తెగిన చప్పుడు విన్నాను. నాన్న ఆగాడు. కాసేపటికి మళ్ళీ కదిలాడు. ఈసారి కుంచె తిన్నగా ఉంది. చివరిదాకా తిన్నగానే ఉంది.

"మెల్లగా రా చిన్నోడా," అన్నాడు నాన్న. బాబాయిని అలాగే పిలిచేవాడు.

అలవాటైన చెయ్యి కదా, ఒక్కడే బలంగా పట్టాడనుకున్నాను. వీడియో టేపులోనూ నాన్న ఒక్కడే ఉన్నాడు.

ఎండెక్కాక పడుగు చుట్టబోతూ అవతలి వైపు చూశాను. తెగిన పోగులన్నీ ముడేసి ఉన్నాయి. గంజి తడి మీదే వేసిన ముడులు. పిల్లల్లో ఒక్కరికీ ఆ ముడి రాదు. నాన్న అటు వెళ్ళనే లేదు. మా బాబాయిది ఎడమ చేతి వాటం. ఆయన ముడి అందరి ముడికీ ఎదురు తిరిగి ఉండేది. ఇవీ అలాగే ఉన్నాయి.

నాన్నకి చూపించాను. వేలితో ఒక్కో ముడీ తడిమి, ఇసుకలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బాబాయి పోయిన రోజు కూడా ఏడవని మనిషి.

ఆ పడుగుతో నాన్నే చీరలు నేశాడు. ముడి కొసలు కత్తిరించడానికి మాత్రం ఒప్పుకోలేదు. "వాడి చెయ్యి పడిన చోటు. కత్తెర పెట్టొద్దు," అన్నాడు.

ఒక చీర నా పెట్టెలో ఉంది. అంచు పక్కన ఒక ముడి ఇప్పటికీ వేలికి తగుల్తుంది. అది ఎవరు వేశారో చెప్పమంటే నేను చెప్పలేను. నాన్న మాత్రం ప్రదర్శన మర్నాడే మా వీధిలోకి వచ్చి కుంచె పట్టాడు.