మా అక్క కూతురి నీరసం

మా అక్క బస్సు కండక్టరు. ఆమె గొంతు విప్పితే వెనక సీట్లో కునికేవాడు కూడా ఉలిక్కిపడి టిక్కెట్టు తీసుకుంటాడు. అందుకే ఇంట్లో అందరం లౌడ్‌స్పీకర్ అంటాం. చెవులు మందం. ఇంజను మోతకి అంతే అనుకున్నాం. షుగరు కూడా ఉంది, అది స్టాండుల్లో తాగిన టీల పుణ్యమనుకున్నాం. మా ఇంట్లో ప్రతి జబ్బుకీ ఒక కారణం, ప్రతి మనిషికీ ఒక పేరు రెడీగా ఉంటాయి.

అక్క ఒక్కగానొక్క కూతురికి మేం పెట్టిన పేరు నిద్రగన్నేరు. బడి నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే నిద్రపోయేది. మెట్లెక్కుతూ మధ్యలో కూలబడేది. పగలంతా నిలబడి పనిచేసే అక్కకి అది చూస్తే ఒళ్ళు మండిపోయేది. "నా కడుపున చెడబుట్టావే!" అని కేకలేసేది. పిల్ల నోట్లో నాలుక లేనిది. నవ్వేసి లేచి చీపురు పట్టుకునేది.

దానికి పెళ్ళయింది, కడుపొచ్చింది. అల్లుడిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కాబట్టి అక్క దగ్గరే ఉంది. ఒళ్ళు వంచితే కాన్పు తేలికని మా ఆడవాళ్ళ నమ్మకం. అక్క నిండు నెలల దాకా డ్యూటీ చేసిన మనిషి. కూతురి చేత బట్టలుతికించింది, మేడ ఎక్కించి దింపించింది, కంచం నిండా పెట్టి దగ్గరుండి తినిపించింది. పిల్ల రొప్పుతుంటే "తింటే ఆయాసం, తినకపోతే నీరసం" అని నేనూ నవ్వాను. స్కానింగులో బిడ్డ ఎదగడం లేదన్నారు. అక్క ఇంకో గరిటె వడ్డించింది.

నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. కిలోన్నర కూడా లేదు. గాజు పెట్టెలో పెట్టారు. తల్లికి ఏవేవో రక్తపరీక్షలు చేశారు. అవి వచ్చాక డాక్టరమ్మ అక్కనీ, తమ్ముణ్ణని నన్నూ పిలిచి, మీ ఇంటి ఆడవాళ్ళ సంగతి చెప్పమంది. అక్క హుషారుగా మొదలుపెట్టింది. మా అమ్మ పొట్టిదని పిడికెడు అనేవాళ్ళమనీ, ఆవిడకీ చెవుడూ షుగరూ ఉండేవనీ, కూతురు నిద్రగన్నేరనీ చెప్పి తనే నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ తిండిని శక్తిగా మార్చేవి ఉంటాయమ్మా. మైటోకాండ్రియా అంటారు. మీ అమ్మాయికి వాటిలో లోపం ఉంది. గ్యాసు నిండుగా ఉన్నా బర్నరు మూసుకుపోతే మంట రాదు కదా, అలాగన్నమాట. బిడ్డ బరువుకి ఇదొక్కటే కారణమని తేల్చి చెప్పలేను గానీ, పెద్ద కారణం ఇదే అనుకుంటున్నాను."

"అంటే... బద్ధకం కాదా?" అంది అక్క.

"కాదు. ఇన్నాళ్ళూ ఇంటి పనెలా చేసిందా అని నేనే ఆశ్చర్యపోతున్నాను."

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కణ్ణుంచి వచ్చిందండీ ఇది?"

"ఇవి తల్లి నుంచే వస్తాయి. మీ చెవులు, మీ షుగరు, మీ అమ్మగారివి కూడా దీనివల్లే అయ్యుండొచ్చు. మీ ఇద్దరికీ పరీక్ష చేయాలి."

"మరి నా పిల్లలకి?" అన్నాను.

"మీకున్నా మీ పిల్లలకి రాదు. తండ్రి నుంచి రాదు."

"హమ్మయ్య" అనేశాను. మాట నోరు జారిపోయింది. అక్క నావైపు తిరిగి చూసింది. ఆ చూపుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పైకి వెళ్ళేసరికి నర్సు బిడ్డని తీసి తల్లి ఒళ్ళో పెట్టింది. గుడ్డలో చుట్టిన ఆ పసిగుడ్డు నా అరచేతికి కాస్త పెద్దది. ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా, కాస్త పట్టుకోవా. నాకు చేతకావడం లేదు" అంది పిల్ల.

ఆ మాట దాని నోట వినడం అదే మొదటిసారి. అక్క వెళ్ళి బిడ్డని అందుకుంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు పొద్దుటినుంచీ నిలబడి వచ్చేదానివి కదమ్మా. నీ ముందు అలిసిపోయానని ఎలా చెప్పను?"

అక్క బిడ్డతో మంచం అంచున కూర్చుంది. తర్వాత నేను జన్మలో వినని సన్నటి గొంతుతో అంది.

"నాకూ అంతేనే. బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడేదాన్ని. అందరికీ ఇలాగే ఉంటుందనుకున్నానే."