గొడ్డలి ఇచ్చే ముందు

గొడ్డలి జంపక్క తల మీద పడాల్సింది. ఆమె పొయ్యి ముందు నుంచి పక్కకు దొర్లడంతో జావ కుండ పగిలి, మరుగుతున్న జావ మోకాలి మీద పారింది. మొగుడు పగిడయ్య మళ్లీ గొడ్డలి ఎత్తాడు. పెళ్లయినప్పటి నుంచి చెయ్యెత్తి ఎరగని మనిషి, నా ఇంట్లో ఎందుకున్నవంటూ, ఎవరో దొంగ మీదికి వచ్చినట్టు వచ్చాడు.

అరుపులు విని పక్కింట్లోంచి అతని తమ్ముడు పిచ్చయ్య దూకాడు. వెదురు కర్రతో అన్న మణికట్టు మీద కొడితే గొడ్డలి జారింది. పగిడయ్య తమ్ముడి భుజం కండను పళ్లతో పట్టాడు. గూడెంలోని మగవాళ్లు వెంట్రుకలు పట్టి లాగితే గాని వదల్లేదు. దుమ్ముగూడెం అవతల అడవి అంచున ఉన్న ఊరు అది. అంతా కలిసి అతన్ని నేలకు అదిమి, ఎద్దుల పలుపుతో గుంజకు కట్టారు. కట్టాక కూడా పిచ్చయ్య కొట్టడం ఆపలేదు. అడ్డం వెళ్లిన జంపక్క వీపున కూడా ఒక దెబ్బ పడింది.

"దయ్యం దిగేదాంక కొడత. నువ్వు జరుగు వదినా."

"దయ్యం గాదు. మందు నేనే ఆపిన," అంది జంపక్క.

పగిడయ్య కాలేయం చెడిపోయి చాలాకాలమైంది. అది వడకట్టలేని విషం మెదడుకెక్కుతుందని, విరేచనంతోనే బయటికి పోవాలని భద్రాచలం దవాఖానాలో నర్సు యశోద విడమరచి చెప్పి, తియ్యటి సిరప్ ఇచ్చింది. రోజూ రెండు మూడుసార్లు చెంబు పట్టుకుని పోతేనే మందు పనిచేస్తున్నట్టట. ఇంతలో విత్తనాల పండుగ వచ్చింది. ఇంటి పెద్దగా పగిడయ్య వేల్పు ముందు కూర్చుని విత్తనాలు కలపాలి, మధ్యలో లేవకూడదు. అది ఆ ఇంటి పట్టింపు. చుట్టాల ముందు మొగుడు పొదల్లోకి పరుగెత్తడం ఇష్టంలేక జంపక్క సీసాను చూరులో దోపింది. అతను కదలకుండా కూర్చున్నాడు. అందరూ మెచ్చుకున్నారు. పండుగ దాటినా ఆమె సీసా దించలేదు. పాపం, నిమ్మళంగా ఉన్నాడనుకుంది. తర్వాత అతను పగలంతా నిద్రపోయి, రాత్రంతా ఇంట్లో తిరగసాగాడు. ఒకసారి పొయ్యిలో నీళ్లు పోసి నవ్వాడు. ఆ తర్వాత గొడ్డలి.

అతన్ని చేతుల కట్లు విప్పకుండానే ఆటోలో వేశారు. పిచ్చయ్య భుజం నుంచి ఇంకా రక్తం కారుతోంది.

"బాగైతేనే తీస్కరా. గిట్లనే తెస్తే నేనే నరుకుత. ఇంట్ల పోరగాండ్లున్నరు," అన్నాడు.

దవాఖానాలో కట్లు విప్పగానే పగిడయ్య సెలైన్ స్టాండును తన్ని పడేశాడు. యశోద కళ్లద్దాలు విరిగాయి. నలుగురు కాళ్లూ చేతులూ నొక్కి పడితే ఎనిమా ఇచ్చారు. మంచం పాడైన ప్రతిసారీ కాలిన కాలితో కుంటుతూ జంపక్కే కడిగింది. ఆఖరికి అతను కదలడం మానేశాడు. పోయాడేమోనని ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మర్నాడు సాయంత్రం కళ్లు తెరిచాడు.

"నీ కాలికి ఏమైందే?"

జావ పడ్డదంది. అతను తన మణికట్టు మీది పలుపు గుర్తులను వేలితో తడుముకున్నాడు.

ఇంటికి పంపే ముందు యశోద అతని చేతులు చాపించి, బస్సు ఆపినట్టు అరచేతులు పైకెత్తమంది. అవి పట్టుతప్పి దబ్బున వాలి మళ్లీ లేచాయి. విషం ఇంకా కొంచెం మిగిలిందని, ఇంటి దగ్గర ఇట్లా కొట్టుకుంటే అది మళ్లీ ఎక్కుతున్నట్టేనని చూపించి, జంపక్క వైపు తిరిగింది.

"సిగ్గుపడితే మనిషి దక్కడు అక్కా. విరేచనం కాని దినం మందు పెంచు. మత్తు ముదిరితే జల్దీ తీస్కరా."

ఇల్లు చేరాక కొన్నాళ్లకు, కంచెకు వెదురు కొట్టాలని పగిడయ్య గొడ్డలి అడిగాడు. భుజానికి కట్టుతో పిచ్చయ్య వాకిట్లోనే ఉన్నాడు, చేతిలో కర్ర. జంపక్క గొడ్డలిని వెనక పట్టుకుని చేతులు చాపమంది. అరచేతులు కాసేపు నిలిచి, దబ్బున వాలాయి. పిచ్చయ్య కర్ర బిగించాడు. ఆమె గొడ్డలి మరిదికి ఇచ్చేసి, చూరులోంచి కాక అందరికీ కనపడేలా గుంజకు వేలాడదీసిన సంచిలోంచి సిరప్ తీసి మొగుడికి పట్టింది.

"నన్ను మళ్ల కడతరా?" అని అడిగాడు పగిడయ్య.

"తాగు ముందుగాల."

తాగాడు. మధ్యాహ్నం జనమంతా వాకిట్లో ఉండగానే చెంబు అందుకుని పొదల వైపు నడిచాడు. పిచ్చయ్య కర్ర దించి దారి ఇచ్చాడు.