నాన్న తిరిగి చెప్పని మాట

మా నాన్న ఉన్న ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు వినాల్సిందే. ఒకసారి మనం అన్నది, ఇంకోసారి ఆయన అన్నది. "సారులో ఉప్పెక్కువైపోనాది" అని అమ్మ తనే ముందుగా ఒప్పుకుంటే, "సారులో ఉప్పెక్కువ!" అని ఆయన పీట మీంచి కేకేసేవాడు. "పాలోడు రాలేదు" అంటే "పాలోడు రాలేదు!" చుట్టాలొచ్చినప్పుడు నాకు తల కొట్టేసినట్టుండేది. అమ్మకి అదీ లేదు. "మొగుణ్ణి సేసుకున్నాననుకున్నాను గానీ, గోడని సేసుకున్నానే. ఏటన్నా అదే తిరిగొత్తాది" అనేది, ఆయన వింటుండగానే.

తప్పు ఆయనది కాదు, ఇంజనుది. పొట్టకోసం హిందీ దేశానికి వచ్చిన తెలుగువాళ్ళం మేము; బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నాన్న గూడ్సు డ్రైవరు. మెయిలు బళ్ళు ఎక్కువగా తెల్లదొరలకిచ్చేవారు, గూడ్సులు మనవాళ్ళకి. ఇంజను మీద ఒక పద్ధతుంది. ఎదర సిగ్నల్ చెయ్యి వాలి దారిచ్చిందనుకోండి, ముందు చూసినవాడు ఫైర్‌మన్ అయితే "సిగ్నల్ డౌన్!" అని అరుస్తాడు. డ్రైవరు తన కళ్ళతో కూడా చూసుకుని "సిగ్నల్ డౌన్!" అని తిరిగి అరవాలి. అరిచాడా, ఇద్దరూ ఒప్పుకున్నట్టు, బండి సాగుతుంది. అరవలేదా, ఒప్పుకోనట్టే. ఏళ్ళ తరబడి ఆ మోతలో బతికిన మనిషికి క్వార్టరు గుమ్మం దాటగానే నోరు మారదు కదా. ఆయన తిరిగి చెప్పాడంటే మా ఇంట్లో ఏ పనైనా ఖాయమైపోయినట్టే.

యుద్ధం ఇంకా రాని రోజులు. నాగపూరు హాస్టల్లో ఉండి ఇంటరు పూర్తి చేసి, ఆ వేసవిలో ఇంటికొచ్చాను. ఇంట్లో నా గురించి ఒక ఏర్పాటు అప్పటికే ఉంది. అక్కడే బి.ఏ. చేస్తాను, తిరిగొచ్చి రైల్వే స్కూల్లో పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. మంచి ఏర్పాటే. కాని మా కాలేజీలో ఒక టీచరమ్మ చదవమని నాకో పుస్తకం ఇచ్చి, ఆ ఏర్పాటంతా పాడుచేసింది. మనిషికి భయం ఎందుకేస్తుంది, అలవాటు ఎలా పడుతుంది, ఒకే సంగతి ఇద్దరికి రెండు రకాలుగా ఎందుకు గుర్తుంటుంది, అన్నీ అందులో ఉన్నాయి. మనసుకి ఒక శాస్త్రముందని తెలిశాక నాకు కాలు నిలవలేదు. కలకత్తాలో ఆ సబ్జెక్టుతో బి.ఏ. చెయ్యొచ్చని కూడా ఆవిడే చెప్పింది.

మొదటిరోజే భోజనాల దగ్గర చెప్పేశాను. "నాన్నా, నేను కలకత్తా వెళ్ళి బి.ఏ. చదువుతాను. సైకాలజీ."

నాన్న ముద్ద కలుపుతున్నాడు. కలుపుతూనే ఉన్నాడు.

వినబడలేదేమో అనుకుని గొంతు పెంచాను. "కలకత్తా, బి.ఏ., సైకాలజీ."

"మజ్జిగ పొయ్యి" అన్నాడు అమ్మతో.

"మజ్జిగ నిన్నటిది, పులుపండి" అంది అమ్మ.

"మజ్జిగ పులుపు!" అన్నాడు నాన్న. నా మాట మాత్రం కంచం పక్కన అలాగే పడి ఉంది.

"అదేటి సదువే?" అని అమ్మ తరవాత గుచ్చి గుచ్చి అడిగింది.

"మనసు గురించమ్మా."

"మనసుకి సదువేటి, నీ తలకాయ! కడుపునిండా తిని కూకుంటే అదే కుదురుగుంటాది."

నేనా ఊరుకునేదాన్ని! మర్నాటి నుంచీ గట్టిగా ఏర్పాట్లలో పడ్డాను. డ్రైవరు కూతురికి పాసుంటుంది, హౌరా వరకూ బండి ఖర్చు లేదు. హాస్టల్లో అన్నం పెడతారు, చేప కూడా పెడతారు. దసరాకి రావచ్చు, వేసవికి రావచ్చు. ఏ ట్రంకు పెట్టె, ఏ పరుపుచుట్ట, అన్నీ అనుకున్నాను. "ఆలూ లేదు సూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అంటూనే అమ్మ ట్రంకు పెట్టె తుడిచి ఎండలో పెట్టింది. మా అమ్మ అలాంటిదే, నోటితో కాదంటుంది, చేత్తో అవునంటుంది.

ఇంతలో కాలనీలో పుకారు పుట్టింది. దానికి మూలం పక్క క్వార్టరు మావ. ఆయనా గూడ్సు డ్రైవరే, నోరు మాత్రం మెయిలు బండి. డ్రైవర్లకి ఏటేటా కళ్ళ పరీక్ష ఉండేది. రంగురంగుల ఊలు పోగులు ముందు పోసి, ఎర్రవి ఏవి, పచ్చవి ఏవి, ఏరమనేవారు. తడబడితే ఇంజను దింపేసి షెడ్డులో ఏదో పనికి తోసేస్తారు. అందుకని ఆ నెల వచ్చిందంటే మా వరసలో ప్రతి ఇంటా పొన్నగంటి కూరే. కళ్ళకి మంచిదని పప్పులో వేసేవారు, వేపుడు చేసేవారు, ఆఖరికి పచ్చడి కూడా. పక్కనున్న లింగియాడీహ్ ఊరి నుంచి గంపలతో వచ్చే ఆకుకూరలవాళ్ళు ఆ నెల మా వీధి దాటి సదర్ బజార్‌కి వెళ్ళనక్కరే లేకపోయేది.

ఇప్పుడు మావ తేల్చిందేమిటంటే, కళ్ళయిపోయాయి కాబట్టి కంపెనీ ఇక మనసుల మీద పడుతుంది. డ్రైవర్ల మనసు పరీక్ష చెయ్యడానికి కలకత్తాలో మనుషుల్ని తయారుచేస్తున్నారు. మొదటి బ్యాచిలోనే మన కాలనీ గుంట ఉంది, అంటే నేను!

ఇంక చూడండి నా వైభవం. చిన్నప్పుడు నా జడ లాగినవాళ్ళు నన్ను చూసి నిలబడ్డం మొదలెట్టారు. మావ అయితే గోడ దగ్గరికి పిలిచి, "అమ్మీ, సచ్ బోల్, నిజం సెప్పు. నాను లోపల బాగానే ఉన్నానా?" అని అడిగాడు. "మీ లోపల ఇప్పుడు టీ తాగాలని ఉంది మావా" అన్నాను. "ఒలమ్మో, కనిపెట్టీసింది!" అని ఇంట్లోకి పరిగెత్తాడు. వాళ్ళావిడ అయితే మా అమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "వొదినా, మనసు పరీచ్చకి ఏ కూర మంచిదో మీ పిల్లని అడిగీసి సెప్పవా" అంది. అమ్మకి నవ్వాగలేదు గాని, మొహం గంభీరంగా పెట్టి "కాకరకాయ" అంది. ఆ వారమంతా పక్క క్వార్టర్లో కాకరకాయలే. మావ మొహం చూస్తే నిజంగానే జాలేసింది.

అందరూ ఇలా గుమ్మడికాయల దొంగలంటే భుజాలు తడుముకుంటుంటే నాకు భలే సరదాగా ఉండేది. నాన్న దగ్గర మాత్రం సరదా సాగలేదు. రోజూ డ్యూటీకి వెళ్ళేటప్పుడు నేను గుమ్మంలో నిలబడి ఫైర్‌మన్‌లా "కలకత్తా, బి.ఏ., సైకాలజీ!" అనేదాన్ని. ఆయన అన్నం డబ్బా పుచ్చుకుని తల వంచుకుని పోయేవాడు. తిట్టినా బాగుండేది. వద్దంటే వాదించొచ్చు, తిరిగి చెప్పని మనిషితో ఏం వాదిస్తాం? కలకత్తా కాలేజీవాళ్ళు దరఖాస్తుకి పెట్టిన గడువు దగ్గర పడుతోంది. ఆయన సంతకం లేకపోతే ఆ చదువు నాకిక లేనట్టే. ఒకరోజు పెరట్లో బట్టలారేస్తూ నాకు ఏడుపొచ్చేసింది.

ఆ మధ్యాహ్నమే నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. స్నానం చేసి, వసారాలో మంచం మీద కూచుని, నన్ను పిలిచాడు. నేను వెళ్ళి కింద కూచున్నాను. చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆ చేతుల బొగ్గు తువ్వాలుతో పోయేది కాదని ఆయనకీ తెలుసు.

"ఒక డ్రైవరున్నాడనుకో" అన్నాడు.

"అనుకున్నాను."

"వానలో బండి తోలుతున్నాడు. చాంపా టేసను దాటినాక ఒక వంతెనుంది. దాని మీద ఒక ముసిలోడు అడ్డమొచ్చీసినాడు. బ్రేకేసినాడు. బండి ఆగలేదు. తప్పు డ్రైవరుది కాదని దొరలే రాసినారు. అచ్ఛా. అయిపోనాది. ఏళ్ళయిపోనాది. అయినా ఆ వంతెన దగ్గరికెల్తే సెయ్యి దానంతటదే బ్రేకు మీదకెల్లిపోతాది. సిగ్నల్ డౌనే ఉంటాది, తిరిగి సెప్పడానికి గొంతు రాదు. ఫైర్‌మన్ సూసీ సూడనట్టు ఊరుకుంటాడు. ఇలాటోణ్ణి మీ సదువులో ఏటంటారు?"

ఆ డ్రైవరుకి కుడి చేతి మీద కాలిన మచ్చ ఉంటుందా అని నా నాలిక చివరిదాకా వచ్చింది. వెక్కిరించే నోరే నాది, అయినా ఆపుకున్నాను. ఆ మచ్చ నా కళ్ళెదురుగానే, మంచం పట్టె పట్టుకున్న నాన్న చేతి మీద ఉంది.

"ఏమీ అనరు నాన్నా" అన్నాను.

"ఫెయిల్ సెయ్యరా? ఇంజను దింపీయరా?"

"ఈ చదువులో ఫెయిలయ్యేది నేనొక్కదాన్నే. పరీక్ష నాకు, ఆయనకి కాదు."

"మరేటి సేత్తారు?"

"ముందు వింటారు."

"ఉత్తినే?"

"ఉత్తినే."

నాన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఇనడానికి బి.ఏ. ఎందుకే? మీ అమ్మ ఏటీ సదువుకోకుండానే నా మాట ఇనదు" అన్నాడు. నేను నవ్వాను, ఆయనా నవ్వాడు, వంటింట్లోంచి గిన్నె చప్పుడు గట్టిగా వచ్చింది. అమ్మ అంతా వింటూనే ఉందన్నమాట. ఆ పూట ఇంకెవరం ఆ ఊసెత్తలేదు.

మర్నాడు పొద్దున్న నాన్న డబ్బా పుచ్చుకుని గుమ్మం దిగాడు. నేను పాత అలవాటు కొద్దీ, ఆశ లేకుండానే అన్నాను. "కలకత్తా, బి.ఏ., సైకాలజీ."

ఆయన ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"కలకత్తా!" అన్నాడు. "బి.ఏ.! సైకాలజీ!"

ఇంజను మీద అరిచే గొంతుతో అరిచాడు. పక్క క్వార్టర్లో మావ కాకరకాయ కంచం పట్టుకునే బయటికొచ్చాడు. "ఇనబడినాది లెండి! ఊరవతల తోర్వా దాకా ఇనబడినాది!" అని అమ్మ లోపల్నుంచి కేకేసింది. నేనైతే గుమ్మం పట్టుకుని ఏడ్చేశాను, సంతోషంతోనే.

నాన్న నాలుగడుగులు వేసి ఏదో మరిచిపోయినవాడిలా మళ్ళీ నా దగ్గరికొచ్చాడు. ఈసారి గొంతు మావకి కూడా అందనంత చిన్నది.

"దసరాకి నువ్వు వొచ్చినప్పుడు, ఆ డ్రైవరొత్తాడు. ఇంటావా?"

"దసరాకి వస్తాడు" అని తిరిగి చెప్పాను. "వింటాను."